చుక్క లేచేంతసేపు

జూన్ 3

కొత్త బోర్డులు వచ్చాయి. ఒకటి నా బల్ల మీద పెట్టి వెళ్లారు. మధ్యాహ్నానికల్లా పనిచేయించాను. ఎవరికీ చెప్పలేదు. చెప్పాలంటే లేచి, హాలు మధ్యలోంచి నడిచి, మేనేజర్‌గారి గది దాకా వెళ్లాలి. అందుకని మెయిల్ పెట్టాను.

ఆయన నా వెనకే నిలబడి ఉన్నారట. ఫోన్‌లో మెయిల్ చదువుకుని నా చెవి పక్కనుంచే శభాష్ అన్నారు. కుర్చీలోంచి పడ్డంత పనైంది.

జూన్ 4

అత్తయ్య పక్కింటావిడతో మా మేనకోడలు డ్రైవర్ పని చేస్తుందని చెప్పింది. ఆవిడ ఏ బండి అని అడిగింది. లోపల్నుంచి అత్తయ్య కూతురు, మా వదిన, బండి కాదు పిన్నిగారూ, నా వేలిని నడుపుతుంది అంది.

నేనూ అంతకంటే బాగా చెప్పలేను. మా కంపెనీ మా వదినలాంటి చూపులేనివాళ్లు వేలితో చదువుకునే బ్రెయిలీ మెషీన్ తయారుచేస్తుంది. పుస్తకమంత పెట్టె. ముందువైపు ఒక వరుస గళ్లు, ఒక్కో గడిలో చిన్న చిన్న చుక్కలు. కరెంటు పంపితే చుక్క లేస్తుంది, తీసేస్తే పడిపోతుంది. వేలితో తడిమి లైను చదువుకుని బటన్ నొక్కితే పాత లైను పడిపోయి కొత్తది లేస్తుంది. లేవగానే బటన్ కింద సన్నగా ఒక వణుకు. ఇక చదువుకో అని దాని అర్థం.

పైనున్న ఆపరేటింగ్ సిస్టమ్‌కి అక్షరాలు తెలుసు, కరెంటు తెలీదు. కిందున్న బోర్డుకి కరెంటు తెలుసు, అక్షరాలు తెలీవు. ఇద్దరి మధ్యా కూర్చుని ఒకరి మాట ఇంకొకరికి అందించే ప్రోగ్రామే డ్రైవర్. అది నేను రాసింది. అందులో అసలు కష్టమంతా ఆగడంలో ఉంది. కరెంటు పంపాక చుక్క పూర్తిగా లేచేదాకా ఆగి, అప్పుడు వణుకు ఇవ్వాలి. ఎంతసేపు ఆగాలన్నది బోర్డును బట్టి మారుతుంది. ప్రతి బోర్డూ ఆన్ కాగానే తన నంబరు చెప్తుంది. ఆ నంబరుకి ఎదురుగా నేను కొలిచి రాసిపెట్టిన లెక్కని డ్రైవర్ తీసుకుంటుంది. దాన్నే ట్యూనింగ్ అంటాం.

నిన్న చేసింది అదే.

జూన్ 6

వదిన పరీక్ష ముప్పైన. కాలేజీ లెక్చరర్ ఉద్యోగానికి. ఈ ఏడాదితో వయసు దాటిపోతుంది, మళ్లీ రాయనివ్వరు. ఇంతకుముందు రాసిన ప్రతిసారీ ప్రశ్నలు ఎవరో ఒకరు చదివి వినిపించేవాళ్లు. పోయినసారి వచ్చినాయన ఎకనామిక్స్ పట్టికలు వచ్చినచోటల్లా, ఇక్కడ ఏవో అంకెలున్నాయమ్మా అని దాటేశాడట. అప్పట్నుంచి వదిన వేలితో చదువుకునే హక్కు కోసం అర్జీల మీద అర్జీలు పెట్టింది. ఈసారి ఒప్పుకున్నారు. కానీ సొంత మెషీన్ తేకూడదు. మా కంపెనీ నుంచి కొత్తవి నలభై తీసుకుని సీలు వేసి, హాల్లో ఎవరికి ఏది వస్తే అది ఇస్తారు.

అంటే ఆ రోజు వదిన వేలి కింద ఉండేది నా లెక్కే.

ఈ ఊళ్లో ఉద్యోగం వచ్చినప్పట్నుంచి నేను వీళ్లింట్లోనే ఉంటున్నాను. చిన్నప్పుడు కాన్వెంటు నుంచి సెలవులకి వస్తే వదినే నాకు బ్రెయిలీ నేర్పింది. నేను మాత్రం కళ్లతో నేర్చుకున్నాను. వేలు పెడితే ఉప్పు చల్లినట్టు ఉంటుంది తప్ప నాకు అక్షరం తగలదు. చూసి చదవడం మోసం అంటుంది వదిన.

జూన్ 9

మేనేజర్‌గారిని అడిగి, అడిగి అంటే మెయిల్ పెట్టి, వదిన పాత మెషీన్ ఆఫీసుకి ఇచ్చేసి బదులుగా కొత్తవాటిలో ఒకటి ఇంటికి తెచ్చాను. వదిన ప్రాక్టీస్ చేసుకోవడానికి.

పాత మెషీన్ మీద వదిన చదవడం చూడాల్సింది. బటన్ కింద వణుకు తగిలిందో లేదో వేలు అప్పటికే సగం లైను దాటి ఉండేది. ఈ రోజు కొత్తదాని ముందు కూర్చుని చదివింది. కాసేపటికి ఆపింది. మొదటికి వెళ్లింది. మళ్లీ ఆపింది. ఎలా ఉందని అడిగితే బాగుందే అంది.

వదిన దేన్నీ ఊరికే బాగుందనదు. నా కొత్త చెప్పుల చప్పుడుకి కూడా వంక పెట్టిన మనిషి.

జూన్ 11

వదిన నన్ను మరదలా అని పిలవడం మానేసి పేరుతో పిలుస్తోంది.

జూన్ 12

వంటింట్లో అత్తయ్య గొంతు తగ్గించి చెప్పింది. మూడు రోజులుగా వదిన గోరువెచ్చని నీళ్లలో వేళ్లు పెట్టుకుని కూర్చుంటోందట. ఎందుకంటే ఊరికే అంటోందట.

వదినకి సుగర్ ఉంది. ఇది ముదిరితే వేళ్ల కొసలు మొద్దుబారొచ్చు, జాగ్రత్త అని డాక్టరు ఆ మధ్య అన్నారు. ఆ రోజు ఆస్పత్రి నుంచి వస్తూ వదిన ఆటోలో ఒక్క జోకూ వేయలేదు.

జూన్ 13

సాయంత్రం పక్కన కూర్చున్నాను. వదిన చదువుతుంటే నేను లైను లైనూ చూశాను. మెషీన్ మీద ప్రతి చుక్కా సరిగ్గా ఉంది. నా కళ్ల ముందు స్పష్టంగా ఉన్న పదాన్ని వదిన ఇంకో పదంగా చదివింది. తర్వాత లైనూ అంతే. నేను ఆపలేదు. ఆపితే ఎందుకు ఆపావని అడుగుతుంది.

తనే ఆపింది. సరిగ్గా ఉందా అని అడిగింది. అబద్ధం ఆడాలని నోరు తెరిచాను. నాకు అబద్ధానికి కూడా మాటలు దొరకవు.

“వేళ్లు పోతున్నాయే. అమ్మకి చెప్పకు.”

తలుపు దాకా వెళ్లి తిరిగొచ్చి మెషీన్ ఆపేసి వెళ్లాను.

జూన్ 14

తేల్చుకోవడం సులువు. కాగితం మీద బ్రెయిలీ చుక్కలు పొడిచే పలక, సూది నా దగ్గరే ఉన్నాయి. ఇంట్లో ఉన్న పాత పుస్తకాలన్నీ వదినకి నోటికొచ్చు, పైగా చుక్కలు అరిగిపోయాయి, వాటితో తెలీదు. కొత్త కాగితం మీద ఎవరికీ తెలియని నాలుగు వాక్యాలు పొడిచి చేతికిస్తే వెంటనే తెలిసిపోతుంది.

పొడిచాను. తీసుకెళ్లాను. వదిన కాగితం అంచు మాత్రం తడిమింది. అదేంటో అర్థమైంది. మడిచి నాకే ఇచ్చేసి, ఇది కూడా తప్పు చదివితే అప్పుడేం చేద్దామంటావ్ అంది.

నిజం రాయాలి కదా. కాగితం వెనక్కి ఇచ్చినందుకు నాకు లోలోపల హాయిగా అనిపించింది. నాకూ తెలుసుకోవాలని లేదు.

జూన్ 16

వదిన పరీక్షకి వెళ్లనంటోంది. వెళ్లి తప్పడం కంటే వెళ్లకపోవడం నయమట. వెళ్లలేదు కాబట్టి రాలేదని చెప్పుకోవచ్చు, వెళ్లి రాకపోతే ఏమని చెప్పుకోను అంది. చాలా మామూలుగా అంది, కరెంటు బిల్లు గురించి మాట్లాడినట్టు.

అత్తయ్యకి ఇక దాచలేకపోయాం. అత్తయ్య ఏడవలేదు. తరిగిన ముక్కల్నే మళ్లీ తరిగింది. పాతికేళ్లుగా వదినని వేలు చూసుకో, వేలు కాల్చుకోకు, తలుపు సందులో వేలు పెట్టకు అంటూనే ఉంది. ఇంకే జాగ్రత్త చెప్పాలో తెలియక నన్ను కోప్పడింది. ఆ కంప్యూటరు తల్లో పెట్టుకుని తిరుగుతావు, వదిన చేయి ఒక్కసారైనా పట్టుకుని చూశావా అంది.

చూడలేదు.

జూన్ 17, ఉదయం

నిద్ర లేచేసరికి వదిన గది తలుపు దగ్గరికి వేసి ఉంది. లోపల మెల్లగా పైకి చదువుతోంది. పాత ప్రశ్నపత్రం, నేనే మెషీన్‌లోకి ఎక్కించాను. లాప్‌టాప్‌లో అదే తెరిచి, తలుపు బయట గోడకి ఆనుకుని నేల మీద కూర్చున్నాను. తప్పు వచ్చినచోటల్లా రంగు వేస్తూ పోయాను. ఎన్ని తప్పులో లెక్కపెట్టి డాక్టరుకి చూపిద్దామని.

పేజీ అయ్యేసరికి రంగంతా ఎడమవైపే ఉంది.

ప్రతి తప్పూ లైను మొదట్లోనే. లైను మధ్యలో ఒక్కటి లేదు. చివర ఒక్కటి లేదు. మొద్దుబారిన వేలు లైను మొదట్లో మొద్దుబారి, చివరికి వచ్చేసరికి ఎలా బాగుపడుతుంది?

జూన్ 17, తొమ్మిది గంటలు

వదిన స్నానానికి వెళ్లగానే మెషీన్ ముందు ఫోన్ నిలబెట్టాను. చాలా నెమ్మదిగా చూపించే వీడియో తీశాను. 

వణుకు వచ్చింది. చుక్కలు అప్పటికి ఇంకా సగంలోనే ఉన్నాయి.

కంటికి ఆ తేడా అందదు. నేను తల వంచి చూసేలోపు చుక్కలన్నీ లేచి, టీచరు రాగానే నిలబడ్డ పిల్లల్లా బుద్ధిగా ఉంటాయి. వదిన వేలు ఆలోపే మొదటి గళ్ల మీదుగా వెళ్లిపోయి ఉంటుంది. ఇంకొంచెం నెమ్మదిగా చదివే మనిషైతే తప్పే రాదు. ఆఫీసులో అందరం కళ్లతోనే టెస్ట్ చేశాం. మాలో ఎవరికీ వేలితో చదవడం రాదు. ఎవరం ఎంత చూసినా దొరకని తప్పు, అందరికంటే బాగా చదివే మనిషికి మాత్రమే తగులుతుంది. ఆ మనిషి తన వేలిని అనుమానించుకుంది.

తల తుడుచుకుంటూ వచ్చిన వదినకి గబగబా చెప్పాను. నేను గబగబా మాట్లాడటం తను ఎప్పుడూ వినలేదు. అందుకే నమ్మలేదనుకుంటా.

కాన్వెంటు పిల్లలకి అబద్ధాలు ఎప్పట్నుంచి నేర్పుతున్నారే అంది.

జూన్ 17, సాయంత్రం

నా బల్ల మీదున్న మెషీన్‌ని అలాగే వీడియో తీశాను. ఏ తప్పూ లేదు. చుక్కలు లేచాకే వణుకు. రెండూ ఒకే లాటు, ఒకే బోర్డు నంబరు, ఒకే డ్రైవర్.

తప్పు వదిన మెషీన్‌లోనే ఉందా? ఇంకా ఎన్నిట్లో ఉంది?

జూన్ 18

రెండూ విప్పి పక్కపక్కన పెట్టాను. ఒకచోట చిన్న భాగం రంగు తేడాగా ఉంది. కరెంటు నింపి ఉంచే కెపాసిటర్. హార్డ్‌వేర్ ఆయన దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన బల్ల దాకా నడిచి వెళ్లాను. ఇది డైరీలో రాసుకోవాల్సిన విషయమే.

ఆయన చూసి, ఓ అదా అన్నారు. పాత భాగం మార్కెట్లో అయిపోయిందట. సగం బోర్డులకి అదే విలువ ఉన్న ఇంకో కంపెనీది వేయించారట. నంబరు ఎందుకు మార్చలేదంటే, మారిస్తే కొత్త బోర్డు కింద లెక్క, పరీక్ష ఆఫీసువాళ్లు మళ్లీ మొదట్నుంచీ చెక్ చేస్తారు, టైం లేదు అన్నారు. పైగా ఇది పాతదానికంటే మంచిదమ్మా అని నొచ్చుకున్నారు.

నిజంగానే మంచిది. పాతది ఓల్టేజీ పెరిగేకొద్దీ డీలా పడిపోయి తక్కువ నింపుకునేది, అందుకే త్వరగా నిండేది. కొత్తది నిజాయితీగా పూర్తిగా నింపుకుంటుంది. అందుకే ఆలస్యం.

ఇద్దరు మనుషులు ఒకే పేరు చెప్పుకుని వస్తున్నారు. డ్రైవర్‌కి తేడా తెలిసే దారి లేదు. నేను నా బల్ల మీదున్న ఒక్క బోర్డుని కొలిచి, ఆ లెక్క అందరికీ రాశాను.

జూన్ 19

మేనేజర్‌గారు అంతా విన్నారు. తిట్టలేదు. దీనికింత కంగారెందుకు, అన్నిటికీ ఎక్కువసేపు ఆగేలా పెట్టెయ్యి, నెమ్మదైనా తప్పు ఉండదు కదా అన్నారు. ఏ బోర్డుకి ఎంత కావాలో తెలియదు కాబట్టి చాలా ఎక్కువే పెట్టాను. కాఫీ చల్లారేలోపు అయిపోయింది.

ఇంటికి తెచ్చి వదిన మెషీన్‌లో వేశాను. చివరిసారి, నా కోసం అన్నాను. వదిన విసుగ్గా వేలు పెట్టింది. 

ఒక లైను. ఇంకొకటి. పేజీ మొత్తం చదివింది. ఒక్క తప్పు లేదు.

వదిన రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని, ఒక చేత్తో ఇంకో చేతి వేళ్లని ఒక్కొక్కటే పట్టుకుని చూసుకుంది. తర్వాత నా వైపు తిరిగింది.

“పది రోజులు చంపావు కదే మరదలా.”

అత్తయ్య వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చింది. మేమిద్దరం ఏడుస్తుంటే ఏమైందో తెలియక తనూ మొదలుపెట్టింది.

జూన్ 20

సంతోషం ఒక్క పూటే.

వదిన పొద్దున్నే ఒక పూర్తి ప్రశ్నపత్రం పెట్టుకుని కూర్చుంది. టైం అయిపోయింది. పత్రంలో మూడో వంతు మిగిలిపోయింది. బటన్ నొక్కి ఒక కునుకు తీయొచ్చే, మీ మెషీన్ లేపుతుందిలే అంది. నవ్వుతూనే అంది కానీ గొంతులో నవ్వు లేదు. పట్టికలు ఉన్న ప్రశ్నకి పైకీ కిందకీ లైను లైనుకీ తిరగాలి. తిరిగిన ప్రతిసారీ ఆగాలి. చూపున్నవాళ్లు ఒక్క చూపులో పట్టేసేదానికి వదిన ఇరవైసార్లు కాచుకుని కూర్చోవాలి.

తక్కువసేపు ఆగితే తప్పు ప్రశ్న చదువుతుంది. ఎక్కువసేపు ఆగితే సరైన ప్రశ్నే చదువుతుంది, జవాబు రాసే టైం ఉండదు. తను ఆ హాల్లో కూర్చునేదాకా ఏ రకం బోర్డు వస్తుందో తెలియదు. వేళ్లు పోతున్నాయనుకుంటే ఏడ్చి ఊరుకున్నాను, ఇప్పుడైతే చదివే చేయి నాది, వెళ్లి అడగాల్సిన గొంతు నీది అంది వదిన. మీ ఆఫీసులో గొంతు ఉన్నవాళ్లు ఎవరూ లేరా అని అడిగింది.

జూన్ 21

ఆపరేటింగ్ సిస్టమ్‌లోకి డ్రైవర్లని చేర్చుకునే ముందు చదివి చూసేవాళ్లు ఉంటారు. నాది చదివే మనిషిని ఎప్పుడూ చూడలేదు. ఆడో మగో, ముసలో పడుచో తెలీదు. బోర్డు లెక్కలు డ్రైవర్ మధ్యలో రాశావని రెండుసార్లు నా కోడ్ తిప్పి పంపారు. నాలో నేను దూరపు మేస్టారు అని పిలుచుకుంటాను. నిన్న ఆయనకి జరిగిందంతా రాశాను. ఒకే నంబరుతో రెండు రకాల బోర్డులు ఉంటే లెక్క ఎక్కడ రాయాలని అడిగాను.

జవాబు ఈ రోజు వచ్చింది. ఎక్కడా రాయొద్దన్నారు. బోర్డు చెప్పే పేరు నమ్మకం లేనప్పుడు బోర్డునే కొలవాలి, ఓల్టేజీ తెలిసే తీగ ఏదైనా ఉందా చూడు అన్నారు. అంతే. నమస్కారం కూడా లేదు.

తీగ ఉంది. ఫ్యాక్టరీ టెస్టింగ్ కోసం వేసి ఎవరూ వాడకుండా వదిలేశాం అని హార్డ్‌వేర్ ఆయన చెప్పారు.

జూన్ 23

రెండు రోజులుగా అదే రాస్తున్నాను. ఇక మెషీన్ ఆన్ కాగానే డ్రైవర్ చుక్కలన్నిటినీ ఒకసారి లేపుతుంది. ఓల్టేజీ పైదాకా ఎక్కడానికి ఎంతసేపు పట్టిందో ఆ తీగ మీద చూస్తుంది. ఆ మెషీన్‌కి అదే లెక్క. ఏ భాగం వేశారో, ఎవరు ఏ నంబరు పెట్టారో దానికి అక్కర్లేదు.

మూడు మెషీన్ల మీద పనిచేసింది. వదిన తన మెషీన్ మీద చదవడం మొదలుపెట్టింది. చదువుతూనే ఉంది. పిలిచినా పలకలేదు. అప్పుడు నాకు తెలిసింది.

జూన్ 24

మీటింగ్. ఆరుగురం. నేను గోడవైపు కుర్చీలో.

మేనేజర్‌గారు వద్దన్నారు. అరవలేదు, అరిస్తే బాగుండేది. అన్నిటికీ ఒకే లెక్క ఉంటే నేను జవాబు చెప్పగలను, నలభై మెషీన్లు ఎవరిది వాళ్లు నలభై లెక్కలు పెట్టుకుంటే రేపు ఏదైనా అయితే ఎవరు జవాబు చెప్తారు అన్నారు. న్యాయమైన మాటే. సీలు వేసేది ఎల్లుండి. వీడియో తీసి, చుక్క చుక్కా చూసి ఒక్క మెషీన్ తేల్చడానికే అరపూట పడుతుంది. మామూలుగా చూస్తే తప్పు కనపడదని నువ్వే అన్నావు కదమ్మా, మరి నలభైనీ ఒక్క రోజులో చూసి చెప్పే మనిషి ఎవరున్నారు అని గది అంతా కలియజూశారు.

కాన్వెంటులో మాకు నోరు మూసుకోవడం ఒక సబ్జెక్టులా నేర్పారు. నాకు అందులో ఎప్పుడూ ఫస్టే. ఆయన ఫైలు మూశారు. కుర్చీలు కదిలాయి. ఇద్దరు తలుపు దాకా వెళ్లారు.

“ఒకరున్నారు సార్.”

ఎవరు మాట్లాడారా అని అందరూ చూశారు. నేను కూడా చూశాను.

జూన్ 25

పరీక్ష రాసే మనిషి పరీక్ష మెషీన్లని ముందే ముట్టుకోవచ్చా అని మేనేజర్‌గారు పరీక్ష ఆఫీసుకి ఫోన్ చేశారు. అందులో ప్రశ్నలు ఇంకా లేవు కాబట్టి ఫర్వాలేదు, కానీ మా మనిషి ఒకరు కూర్చుంటారు అన్నారట. ఒక గుమాస్తా వచ్చి పేపర్ తెరుచుకుని కూర్చున్నాడు.

వదిన ఇస్త్రీ చీర కట్టుకుని వచ్చింది. హార్డ్‌వేర్ ఆయనని పరిచయం చేస్తే, మంచి భాగం వేయించిన మహానుభావులు మీరేనా అంది. ఆయన సిగ్గుపడి మంచినీళ్లు తెచ్చిచ్చారు.

నలభై మెషీన్లలోనూ కొత్త డ్రైవర్ ఎక్కించి, ఊహించి చదవడానికి వీల్లేకుండా అర్థంలేని పదాలు కలిపి పేజీలు చేశాను. వదిన పైకి చదువుతుంది, నేను స్క్రీన్ మీద సరిచూస్తాను, మేనేజర్‌గారు టిక్ పెడతారు. ఒకటయ్యాక ఒకటి. వదిన చదివే వేగానికి మేనేజర్‌గారు మొదట్లో నవ్వారు, తర్వాత నవ్వడం మానేశారు. గుమాస్తా పేపర్ మడిచి జేబులో పెట్టుకున్నాడు.

మధ్యాహ్నం తర్వాత ఒక మెషీన్ దగ్గర మొదటి లైనులోనే ఆగింది. ఇది కాదు అంది. విప్పి చూస్తే కొలిచే తీగ అతుకు వదిలి ఉంది. ఎన్ని కళ్లు పెట్టి చూసినా ఆ మెషీన్ మీద లైను సరిగ్గానే కనిపించింది. తీగ అతికించి మళ్లీ వదిన చేత చదివించాం.

మధ్యమధ్యలో చేయి విదిలించుకుంటోంది. ఆపుదామా అని అడిగాను. ఇంకా ఎన్ని అని అడిగింది. చెప్పాను. కానివ్వు అంది.

అన్నీ అయ్యేసరికి బయట దీపాలు వేశారు. మేనేజర్‌గారు లేచి నిలబడి, మీ డ్రైవరే పంపిద్దాం అన్నారు. నన్ను మీరు అన్నారు.

ఆటోలో వదిన కుడిచేయి గాలికి బయట పెట్టి కూర్చుంది. ఇంటికి వచ్చాక దీపం కింద చూశాను. చూపుడువేలి కొస ఎర్రగా కందిపోయి, చర్మం లేచి ఉంది. అత్తయ్య చూసింది.

“పరీక్ష రాయాల్సిన వేలిని తీసుకెళ్లి అరగదీసి తెచ్చావా?”

జూన్ 26

సీలు వేశారు. నేను సంతకం పెట్టాను.

వదిన వేలు వాచింది. సుగర్ ఉంది కదా, మానడానికి టైం పడుతుంది, తడి తగలనివ్వకండి, దేనికీ ఆనించకండి అన్నారు డాక్టరు. ఎన్నాళ్లు అని అత్తయ్య అడిగింది. కనీసం వారం అన్నారు. వారం అంటే పరీక్ష దాటిపోతుంది.

జూన్ 27

ఎడమచేత్తో చదవడం ప్రాక్టీస్ చేస్తోంది. అక్షరాలు తెలుస్తున్నాయి. వేగం లేదు. కుడిచేతి వేగంలో సగం కూడా లేదు. పాతికేళ్లు చదివింది కుడివేలు, ఎడమచేయి లైను పట్టుకోవడానికే తప్ప దేనికీ వాడలేదు.

అన్ని మెషీన్లకీ వేగం తెచ్చిపెట్టాను. దాన్ని వాడుకోవాల్సిన వేలికి కట్టు కట్టించాను.

జూన్ 28

వాపు తగ్గలేదు.

జూన్ 29

క్షమించమని అడుగుదామని పొద్దున్నుంచీ గది బయట తచ్చాడాను. లోపలికి రావే, నీ చెప్పులు నీకంటే ఎక్కువ మాట్లాడతాయి అంది. వెళ్లాను. మొదలుపెట్టాను. పూర్తి చేయనివ్వలేదు.

“వేలు నాది. నేనిచ్చాను. నువ్వు తీసుకోలేదు.”

ఆ నలభైలో ఏది వచ్చినా అబద్ధం చెప్పదని తెలిసి లోపలికి వెళ్తాను, ఇంతకుముందు ఏ ఏడూ అంత తెలిసి వెళ్లలేదు అంది. ఇక ఆ విషయం ఎత్తొద్దంది. నవల చదివి వినిపించమంది. చదివాను. నాలుగో పేజీకి నిద్రపోయింది. కట్టు కట్టిన వేలు దుప్పటి బయటే పెట్టుకుంది.

జూన్ 30, పదిన్నర

పరీక్ష హాలు బయట బెంచీ మీద ఉన్నాను. ఏదైనా మెషీన్ ఆగిపోతే నన్ను పిలుస్తారు. ఇంతవరకు పిలవలేదు. తలుపు మూసి ఉంది.

లైను మారినప్పుడల్లా చుక్కలు లేచే చప్పుడు వినిపిస్తోంది. మొదట్లో అన్నీ కలిసిపోయి చినుకుల్లా ఉంది. ఇప్పుడు దేనికది తెలుస్తోంది. తలుపు పక్కనున్నది అన్నిటికంటే నెమ్మది. మిగతావాళ్లు మూడు లైన్లు మారేలోపు అది ఒకటి.

ఎడమచేయి.

పదకొండు

ఆగిపోయింది. మిగతావన్నీ నడుస్తున్నాయి. మెషీన్ పాడైతే పిలిచేవాళ్లు. పిలవలేదు.

కట్టు గుడ్డ చింపిన చప్పుడు.

మళ్లీ మొదలైంది. వేగంగా. ఇంకా వేగంగా. హాల్లో ఎవరిదీ అంత వేగంగా లేదు.